లైసెన్సులో లేని పదమూడోది

మా కొట్లో కొసరు లేకుండా ఏ గిరాకీ మెట్టు దిగి వెళ్ళేది కాదు. గజం కొలిచాక నాలుగు వేళ్ళు వదిలి అక్కడ కత్తెర పెట్టాలి. డజను తువ్వాళ్ళు తీసుకున్నవాడికి ఒక చేతిరుమాలు పైన వెయ్యాలి. అడక్కపోయినా వెయ్యాలి, అడిగేదాకా ఆగితే ఆ మనిషి మళ్ళీ మన గడప తొక్కడని మా నాన్న నమ్మకం. మనం కొనేటప్పుడు కూడా అంతే. కొసరు అడగనివాడు ఆయన దృష్టిలో ఉత్త వెర్రివాడు. ఈ అలవాటు వల్ల మాకు రావలసిన సరుకు ఒకటి మద్రాసు రేవులో ఇరుక్కుపోయింది. దానికోసం మేం పడ్డ అవస్థ రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

అప్పటికి విజయవాడ ఇంకా బెజవాడే. మాది నేతపని ఇల్లు. తాత మగ్గం మీద కూర్చున్నాడు, నాన్న మగ్గం దిగి వన్ టౌన్‌లో బట్టలకొట్టు పెట్టాడు. నేను ఇంటర్మీడియట్ దాకా చదివి, టైపు నేర్చుకుని, ఏదో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరదామని చూస్తుంటే, "ఆ టైపేదో మన కొట్లోనే కొట్టుకో" అని కూర్చోబెట్టాడు. బట్టలకొట్లో టైపు మిషనెందుకండీ? ఆరునెలలపాటు దానిమీద దుమ్ము తుడవడమే నా ఉద్యోగం. ఒళ్ళు మండిపోయేది.

యుద్ధం రోజుల్లో నూలుకి కంట్రోలు వచ్చి పడింది. యుద్ధం అయిపోయింది, స్వాతంత్య్రం కూడా వచ్చింది, మా అలమారలు మాత్రం నిండలేదు. అలా ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఒక డాక్టరుగారు పంచెల చాపు బేరమాడుతూ, బ్లడ్ ప్రెషర్ చూసే పెట్టె ఎక్కడా దొరకడం లేదని, ఇంగ్లండు నుంచి రావాలని, తెప్పించే నాథుడు లేడని వాపోయారు. ఆయన వెళ్ళాక నాన్న నావైపు తిరిగి, "ఒరేయ్, ఇన్నాళ్ళూ గుడ్డ కొలిచాం. నెత్తురు కొలిచేది అమ్మలేమా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తెలిసింది టైపు మిషను ఎందుకు కొన్నాడో. ఏదో ఒకనాటికి ఇంగ్లీషు ఉత్తరాల వ్యాపారం చెయ్యాలని ఆయన ఎప్పటినుంచో లోపల్లోపల అనుకుంటున్నాడు.

ఇప్పటివాళ్ళకి ఆ పెట్టె ఎలా ఉండేదో తెలియకపోవచ్చు. మూత ఎత్తితే నిలువుగా ఒక గాజుగొట్టం, గొట్టం పక్కన అంకెలు, అడుగున పాదరసం. రోగి జబ్బకి గుడ్డపట్టీ చుట్టి రబ్బరు బుడ్డి నొక్కుతుంటే పాదరసం గొట్టంలో పైకి లేస్తుంది. డాక్టరు మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి వింటూ మెల్లిగా గాలి వదులుతారు. చప్పుడు ఎక్కడ మొదలైందో అక్కడి అంకె, ఎక్కడ ఆగిందో అక్కడి అంకె రాసుకుంటారు. అంతే పని. కానీ గొట్టం పగిలిందా, పాదరసం కారిందా, ఆ పెట్టె పోపుల డబ్బాకి కూడా పనికిరాదు.

తెప్పించడం అంటే ఉత్తరం రాసి పడేస్తే వచ్చేది కాదు. యుద్ధంలో పెట్టిన ఇంపోర్టు కంట్రోలు అలాగే ఉంది. మద్రాసులో కంట్రోలరు ఆఫీసుకి అర్జీ పెట్టి లైసెన్సు తెచ్చుకోవాలి. అర్జీ మూడు ప్రతులు. వస్తువు ఏమిటి, ఏ దేశంలో తయారైంది, ఆ దేశం పౌన్ల దేశమా డాలర్ల దేశమా, ఎన్ని కావాలి, ఇక్కడ ఎవరు వాడతారు, ఇలాంటిది మన దేశంలో తయారవడం లేదని నీకెలా తెలుసు, ఇవన్నీ రాయాలి. వాడబోయే డాక్టరు ఒక్కొక్కరి దగ్గర్నుంచీ అవసరముందని ఉత్తరం తెచ్చి జతచెయ్యాలి. నేను సైకిలేసుకుని బెజవాడంతా తిరిగాను, పడవల్లో, బస్సుల్లో డెల్టా ఊళ్ళన్నీ తిరిగాను. పన్నెండుమంది డాక్టర్లు ఉత్తరాలిచ్చారు. పన్నెండు పెట్టెలకి అర్జీ పెట్టాం. రెండుసార్లు తిప్పి పంపారు. ఒకసారి ఒక కాగితం మీద నాన్న సంతకం ఇంకోదాని మీద సంతకంలా లేదని, ఒకసారి దేశం పేరు గళ్ళో ఊరి పేరు రాశామని. నా తలప్రాణం తోకకొచ్చింది. మూడోసారి లైసెన్సు వచ్చింది. పన్నెండు పెట్టెలు, ఫలానా దేశం, ఫలానా గడువు. నాన్న దాన్ని దేవుడి పటం ముందు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కొట్టు బోర్డు మీద బట్టల పేరు కింద ఆసుపత్రి సామాన్ల పేరు కూడా రాయించేశాడు. పెట్టెలు ఓడ ఎక్కకముందే.

ఆ పన్నెండు ఉత్తరాల్లో ఒకటి చల్లపల్లిలో చిన్న పురుళ్ళ ఆసుపత్రి నడిపే డాక్టరమ్మది. నాలుగు మంచాల ఆసుపత్రి, ఆవిడ, ఒక నర్సు. ఆవిడ పాత పెట్టె గొట్టం పగిలిపోయి ఏడాదైంది. మిగతా పదకొండు పెట్టెలూ నాకు వ్యాపారం. ఆ ఒక్కటీ కాదు. ఎందుకంటే మా చెల్లెలు ఉన్నది చల్లపల్లిలోనే.

చెల్లాయికి అది రెండో కానుపు. మొదటిది మా ఇంట్లో జరిగింది. ఎనిమిదో నెలలో ఒక తెల్లవారుజామున గుర్రపువాతం, అంటే కడుపుతో ఉన్నవాళ్ళకి వచ్చే ఫిట్లు, వచ్చి కొట్టుకుంది. మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరు వచ్చేసరికి బిడ్డ పోయింది, రెండురోజులు చెల్లాయికి స్పృహ లేదు. బతకడం మా అదృష్టం. మా అమ్మ అప్పటికే పోయి ఆరేళ్ళు. ఇంట్లో నాన్న, నేను, వంట చేసే మేనత్త. అత్తవారి వైపు వాళ్ళు "మీ ఇంట పెట్టుకుని పోగొట్టారు" అన్నారు. మేం నోరెత్తలేదు. రెండోసారి నెల తప్పాక "బెజవాడ ఊసెత్తొద్దు, పురుడు ఇక్కడే" అని చెల్లాయి అత్తగారు తేల్చి చెప్పింది. ఆవిడ చెడ్డమనిషి కాదు, భయపడిన మనిషి.

ఉత్తరం కోసం వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నాతో దాపరికం లేకుండా చెప్పింది. "గుర్రపువాతం ఉన్నట్టుండి ఊడిపడదయ్యా. ముందు ప్రెషర్ పెరుగుతుంది. వారం వారం చూస్తూ ఉంటే నాకు ముందే తెలుస్తుంది. తెలిస్తే ఆ పిల్లని బెజవాడ పెద్దాసుపత్రికి పంపిస్తాను, వాళ్ళు పురుడు ముందే పోస్తారు. పెట్టె లేకపోతే నేనూ మీ మంత్రసానీ ఒకటే."

"ప్రెషర్ చూడకుండానే పంపించెయ్యొచ్చు గదండీ?"

"వాళ్ళత్తగారితో నువ్వు చెప్పు, వింటుందేమో" అంది.

నేను చెప్పలేదు. చెప్పినా వినేది కాదు.

ఇక కొసరు సంగతి. లైసెన్సు వచ్చిన మర్నాడు ఇంగ్లండు కంపెనీకి ఆర్డరు ఉత్తరం టైపు చేస్తున్నాను. నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అంతా చదివించి తెలుగులో చెప్పించుకుని, "కొసరు మాట రాయలేదేంరా?" అన్నాడు.

"కొసరేమిటి నాన్నా, వాళ్ళు దొరలు."

"దొరలైతే? వర్తకులు కారూ? డజను తీసుకుంటున్నాం, మొదటి బేరం. మర్యాదకి ఒకటి వెయ్యమని రాయి."

నేను వాదించాను. వాళ్ళు నవ్వుతారన్నాను. ఆయన నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. నిజానికి నేను ఆ వాక్యం కొట్టకుండా "రాశాను" అని చెప్పొచ్చు, ఆయనకి ఇంగ్లీషు రాదు. కానీ నాకు చిరాకెత్తి, నీ ఖర్మ పొమ్మని టైపు కొట్టి పడేశాను. డజను కొంటున్నాం గనక మా వైపు ఆనవాయితీ ప్రకారం దయచేసి ఒకటి ఎక్కువ చేర్చవలసిందని. నవ్వి ఊరుకుంటారనే అనుకున్నాను గానీ, లైసెన్సులో ఉన్న అంకె నాకు గుర్తు రానే లేదు. మూడుసార్లు నా చేత్తో నేనే టైపు చేసిన అంకె!

కంపెనీవాళ్ళు నవ్వలేదు. ముచ్చటపడ్డారు.

సరుకు మద్రాసు చేరిందని, రేవులో మా తరఫున సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు దగ్గర్నుంచి తెలిసిన వారానికి టెలిగ్రాం వచ్చింది. సరుకు నిలిపేశారు, వెంటనే బయల్దేరు. అప్పటికి చెల్లాయికి ఏడో నెల ప్రవేశించింది.

మద్రాసులో దిగి ఏజెంటుతో కలిసి హార్బరు దగ్గర కస్టమ్స్ ఆఫీసుకి వెళ్ళాను. పొడుగాటి హాలు, బల్లల మీద విప్పిన పెట్టెలు, గడ్డి, చెక్కముక్కలు. మా పెట్టె కూడా విప్పి ఉంది. రంపంపొట్టులో వరసగా చిన్న చిన్న చెక్కపెట్టెలు. ఆఫీసరుగారు నడివయసు మనిషి, అరవాయన, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడారు.

"లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పదమూడు.

"లైసెన్సులో ఎన్ని?"

"పన్నెండండీ."

"ఇన్‌వాయిసులో?"

"పన్నెండండీ."

ఆయన ఒక చిన్న చీటీ నా ముందు పెట్టారు. పెట్టెలోనే దొరికిందట. కంపెనీవాళ్ళు చక్కటి చేతిరాతతో రాశారు, మీరు కోరిన ప్రకారం మా శుభాకాంక్షలతో ఒకటి ఎక్కువ పంపుతున్నామని. నాకు అక్కడికక్కడే నేల చీలితే బాగుండుననిపించింది.

"మీరు కోరారా?" అన్నారాయన.

ఏజెంటు నా మోచెయ్యి పొడిచాడు, అంటే నోరు మూసుకోమని. ఆఫీసరుగారు మా ఇద్దరినీ చూసి, కోపం లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పారు. ఉచితంగా వచ్చిందైనా దిగుమతి దిగుమతే. లైసెన్సుకి మించిన వస్తువు వచ్చింది, పైగా ఇన్‌వాయిసులో చూపలేదు. ఒకటి ఎక్కువైతే ఆ ఒకటే తప్పు కాదు, ఆ కాగితం మీద వచ్చిన సరుకంతా అనుమానమే. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, మేం కోరలేదు, మాకేమీ తెలియదు అని రాసివ్వడం. అప్పుడు వాళ్ళు కంపెనీకి రాస్తారు, జవాబు రావాలి, సరిచేసిన ఇన్‌వాయిసు రావాలి, కంట్రోలరు ఆఫీసు అభిప్రాయం రావాలి. మూడు నెలలని ఆయన అంచనా. రెండోది, అడిగింది మేమే అని లైసెన్సుదారు స్వయంగా ఒప్పుకుని సంతకం చేసి ఇవ్వడం. అప్పుడు పదమూడోదాన్ని స్వాధీనం చేసుకుని, జరిమానా వేసి, పన్నెండూ వారంలో వదిలేస్తారు.

"మరి రెండోదే చెయ్యొచ్చు కదండీ" అన్నాను.

"చెయ్యొచ్చు. కానీ ఆ కాగితం కంట్రోలరు ఆఫీసుకి కూడా వెళ్తుంది. మీది కొత్త కంపెనీ. మళ్ళీ లైసెన్సు అడిగితే ఆ కాగితం ముందు తీస్తారు." ఆయన కళ్ళజోడు కిందికి లాక్కుని, "ఇంటికెళ్ళి మీ తండ్రిగారితో ఆలోచించుకో" అన్నారు.

బయటికొచ్చాక ఏజెంటు మొదటి దారే పట్టమన్నాడు. మూడు నెలలు ఓపిక పట్టండి, వ్యాపారం నిలబడుతుంది, తొందరపడి మీ గొయ్యి మీరు తవ్వుకోకండి అన్నాడు. వాడి మాట తప్పు కాదు. వాడికి చెల్లెలి సంగతి తెలియదు. చెల్లాయికి ఉన్నవి రెండు నెలలు.

రైల్లో కూర్చుని ఒంగోలు దాకా ఆ వాక్యాన్నే తిట్టుకున్నాను. ఆ తరవాత నన్ను తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. "కొసరు, కొసరు, కొసరు! ఇప్పుడేమైందో చూడు!" ఆయన కూడా అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "వాడు మర్యాదస్తుడు, అడిగితే ఇచ్చాడు. తీసుకున్నవాడు దొంగెట్లా అవుతాడురా? నేను తప్పు చేశానని రాసి సంతకం పెట్టాలా? నా జన్మలో ఒకడి గజం తగ్గించి కొలవలేదు."

"ఎవడు కాదన్నాడు? అక్కడ కావలసింది నీ గజం కాదు, వాళ్ళ లెక్క."

"పెట్టను పో."

మూడు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన బోర్డు కింద కూర్చునేవాడు, నేను మిషను ముందు. ఆయన బాధ నాకు తెలియక కాదు. బట్టల వ్యాపారం మునుపట్లా ఉండదని ఆయనకి తెలుసు. ఈ పెట్టెలే దారి అనుకున్నాడు, నా బతుక్కి కూడా ఇదే దారి అనుకున్నాడు. ఆ దారి తన సంతకంతో తనే మూసెయ్యాలి. నాకు కోపం తగ్గి జాలి మొదలైంది, జాలి మొదలయ్యేసరికి ఇంకా చిరాకేసింది.

నాలుగో రోజు డాక్టరమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాలుగే వాక్యాలు. మీ చెల్లెలి కాళ్ళు, చేతులు నీరు పట్టాయి. ఉంగరం తియ్యడానికి రావడం లేదు. గర్భిణులకి ఇది మామూలే అని అత్తగారు అంటున్నారు, చాలామందికి మామూలే. ఈ పిల్లకి మామూలో కాదో పెట్టె లేకుండా నేను చెప్పలేను.

కార్డు నాన్నకి చదివి వినిపించాను. ఆయన కుర్చీ మిషను పక్కకి లాక్కున్నాడు. తరవాత, "కాగితం ఎక్కించు. నేను తెలుగులో చెబుతాను, నువ్వు ఇంగ్లీషు చెయ్యి. ఒక్క మాట కూడా మార్చకు" అన్నాడు.

ఆయన చెప్పింది ఇంచుమించు ఇది. మేం బట్టల వర్తకులం. మా వైపు డజను కొన్నవాడు కొసరు అడగడం, అమ్మినవాడు ఇవ్వడం మర్యాద. ఆ మర్యాద సర్కారు లెక్కలో చెల్లదని నాకు తెలియలేదు. అడిగింది నేనే. మా అబ్బాయి వద్దన్నాడు, నేనే రాయించాను. కంపెనీవారి తప్పు లేదు. ఎక్కువ వచ్చినదాన్ని మీరు ఉంచుకుని, మిగతావి డాక్టర్లకి త్వరగా చేరేట్టు చెయ్యండి.

'మా అబ్బాయి వద్దన్నాడు' అన్న ముక్క తీసేస్తానన్నాను. ఒక్క మాట కూడా మార్చవద్దని మళ్ళీ అన్నాడు. సంతకం పెట్టాడు. ఈసారి అన్ని ప్రతుల మీదా ఒక్కలాగే ఉంది.

ఆ కాగితం పట్టుకుని నేను మళ్ళీ మద్రాసు వెళ్ళాను. ఆఫీసరుగారు అన్న మాట నిలబెట్టుకున్నారు. వారం తిరక్కుండా పన్నెండూ వదిలారు. పదకొండింటిని గూడ్సులో పంపమని ఏజెంటుకి అప్పగించి, ఒక్కదాన్ని చేతపట్టుకుని నేను రైలెక్కాను. పాదరసం ఒలక్కుండా పెట్టెని నిలువుగానే పెట్టాలి. జనం రద్దీలో దాన్ని ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. పక్కాయన "ఏం బాబూ, దేవుడి పెట్టెనా?" అని అడిగాడు. అవునన్నాను. వివరంగా చెప్పే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న, నేను చల్లపల్లి బస్సెక్కాం. బొగ్గు గ్యాసు మీద నడిచే బస్సు. ఉయ్యూరు దాటాక ఆగిపోతే దిగి తోశాం. నాన్న దిగలేదు, పెట్టె ఆయన ఒళ్ళో ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. కండక్టరు "ముసలాయనా, దిగవయ్యా" అని కసురుకున్నా కదల్లేదు.

చెల్లాయిని డాక్టరమ్మ ముందే కబురంపి పిలిపించింది. అత్తగారు కూడా వచ్చింది, ఒంటరిగా పంపుతుందా? చెల్లాయిని చూసి నేను గతుక్కుమన్నాను. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. నన్ను చూసి నవ్వింది గానీ ఆ నవ్వులో కూడా ఎవరో వేరే మనిషిలా ఉంది.

డాక్టరమ్మ పెట్టె బల్ల మీద పెట్టి, పాదరసం సున్నా దగ్గర నిలిచిందో లేదో కళ్ళజోడు పెట్టుకుని చూసింది. పట్టీ తీసుకుని చెల్లాయి దగ్గరికి వెళ్ళబోతే అత్తగారు అడ్డం వచ్చింది. "ఏమిటమ్మా అది? కడుపుతో ఉన్నదానికి ఏదో కట్టి నొక్కుతారా? ముందు నాకు కట్టండి."

"రండి" అంది డాక్టరమ్మ.

ఆవిడకి కట్టింది, బుడ్డి నొక్కింది. పాదరసం లేవగానే అత్తగారు కళ్ళు విప్పార్చి చూసింది. "ఇదుగోనమ్మా, మీది ఇక్కడ" అని డాక్టరమ్మ నూట ముప్ఫై దగ్గర వేలు పెట్టి చూపించింది. "మీ వయసుకి ఇది మంచిదే. ఇంతకంటే పైకి పోకూడదు."

తరవాత చెల్లాయికి కట్టింది. నూట ముప్ఫై దాటింది, నూట నలభై దాటింది, ఇంకా నొక్కుతూనే ఉంది. గాలి వదులుతూ విన్నది. మళ్ళీ గాలి కొట్టింది. రెండో చేతికి కట్టి మూడోసారి చూసింది. చివరికి వేలు గొట్టం మీద పెట్టింది, అత్తగారి అంకెకి జానెడు పైన అనిపించింది నాకు. నూట ఎనభై.

నేను ఏదో అనబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అత్తగారు గొట్టం వంక చూసింది, కోడలి మొహం వంక చూసింది. ఆవిడకి చదువు రాదు. కానీ తన గీత ఎక్కడుందో, కోడలి గీత ఎక్కడుందో కళ్ళతో చూసింది గదా.

"బెజవాడ బస్సెన్నింటికి?" అంది నాన్నతో.

ఆ మాటతో మా నాన్న ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మధ్యాహ్నం బస్సుకే బయల్దేరాం. అత్తగారు కోడలి తల తన ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రమే చేర్చుకున్నారు, చీకటి గదిలో పడుకోబెట్టారు, మందులిచ్చారు. మూడో రోజున పురుడు పోశారు. ఆడపిల్ల, అరచెయ్యంత. వాతం రాలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

మాకు మళ్ళీ లైసెన్సు రాలేదు. రెండుసార్లు అర్జీ పెట్టాం, రెండుసార్లూ ఇవ్వడం కుదరదని ఒక వాక్యం జవాబు వచ్చింది. నాన్న బోర్డు మీద రెండో వరస చెరిపించేశాడు. నేను తరవాత ఒక బ్యాంకులో టైపిస్టుగా చేరాను. దాని గురించి ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు, నేనూ నొచ్చుకోలేదు. మనవరాల్ని భుజాన వేసుకుని కొట్లో తిరిగే మనిషికి బోర్డు మీద ఏమున్నా ఒకటే.

పురుడైన నాలుగో రోజున నేను ఆసుపత్రిలో చెల్లాయి మంచం పక్కన కూర్చున్నాను. వాపు తీసి మొహం మళ్ళీ దాని మొహంలా అయింది. అత్తగారు బట్టలు ఉతకడానికి వెళ్ళింది. పాప నిద్రపోతోంది.

"మీరొచ్చే ముందు మూడు నాలుగు రోజులు చల్లపల్లిలో నాకు తలనొప్పి వస్తే డాక్టరమ్మ ఎంత హడావిడి చేసిందో అన్నయ్యా" అంది. "కళ్ళముందు మెరుపుల్లా వస్తున్నాయా, కడుపు పైన నొప్పిగా ఉందా అని రోజూ అడిగేది. ఉన్నాయనేదాన్ని. పోయినసారి కూడా ఇట్లాగే ఉండేది. అచ్చం ఇట్లాగే."

"పోయినసారా?"

"నీకు చెప్పాను గదా. రెండు మూడుసార్లు చెప్పాను. ఎండకి పైత్యం చేసిందన్నావు, నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకోమన్నావు." దెప్పడానికి అనలేదు. పైగా పాప దుప్పటి సర్దుతూ అంది.

అవును, అన్నాను. నాకు గుర్తొచ్చింది. టైపు మిషను తుడుస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నాను.

అంతలో నర్సు వచ్చి చెల్లాయికి ప్రెషర్ చూడటం మొదలుపెట్టింది. ఆసుపత్రి పెట్టె పాతది, మూత మీద వార్నిషు పోయి అంచులు అరిగి ఉన్నాయి. ఆసుపత్రిలో ఇలాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలుసు, ఎప్పటినుంచి ఉందో అడగాలని మాత్రం అంతవరకూ తోచలేదు. ఇప్పుడు అడిగాను.

"ఇదా? యుద్ధానికి ముందునుంచీ ఉందండీ" అంది నర్సు.

మొదటి కానుపు యుద్ధం అయిపోయాక. మా ఇంటినుంచి ఆ ఆసుపత్రికి నడిచి వెళ్తే పావుగంట.